గుల్‌మర్గ్‌లో స్కీ నేర్చుకోవడం: బెంగళూరు నుంచి మొదటిసారి వెళ్ళేవాళ్ళకి

ఉలవచారు_560037

ఫిబ్రవరి రెండో వారంలో గుల్‌మర్గ్ అనుకుంటున్నాం. మేమిద్దరం, పదేళ్ళ బాబు, అరవై రెండేళ్ళ అత్తగారు. ఆవిడకి మంచు చూస్తే చాలట. మిగతా ముగ్గురికీ స్కీ నేర్చుకోవాలని ఉంది. ఇంతవరకు ఎవరమూ స్కీలు కట్టిన పాపాన పోలేదు.

మారతహళ్ళిలో ఒక ట్రావెల్స్ వాళ్ళు ఇచ్చిన ప్లాన్ ఇది: ఆరు రాత్రులూ శ్రీనగర్‌లోనే బస, అందులో ఒకరోజు గుల్‌మర్గ్, గొండోలా (కేబుల్ కార్) రెండు ఫేజ్‌లూ, "స్కీయింగ్ ఒక గంట". ఇది సరిపోతుందా? ఔలీ, మనాలీ ఇంతకంటే నయమా? ఇక్కడ బెంగళూరులో ఏం కొనుక్కోవాలి, అక్కడ ఏం అద్దెకి తీసుకోవాలి?

జారుడుబండ

ఆ ప్లాన్‌లో స్కీయింగ్ లేదండీ, స్కీలతో ఫొటో ఉంది.

లెక్క వేయండి. శ్రీనగర్ నుంచి గుల్‌మర్గ్ దాదాపు 50 కిలోమీటర్లు. ఆఖరి 13 కిలోమీటర్లు తంగ్‌మర్గ్ నుంచి ఎక్కుడు. మంచు పడితే ఆ ఎక్కుడుకి గొలుసులు కట్టిన బండో, నాలుగు చక్రాలూ తిరిగే బండో ఉంటేనే వదులుతారు, కాబట్టి తంగ్‌మర్గ్‌లో బండి మారాలి. పైకి చేరేసరికి పదకొండు. గొండోలా క్యూలో ఎంతసేపో చెప్పలేం. బూట్లు సరిపెట్టుకోవడానికి అరగంట. నాలుగున్నరకి ఎండ కొండ వెనక్కి వెళ్తుంది, అప్పటిదాకా మెత్తగా ఉన్న మంచు గట్టిపడుతుంది. మీ "గంట"లో నలభై నిమిషాలు స్కీలు తొడుక్కోవడం, పడటం, లేవడంతోనే గడిచిపోతుంది.

గుల్‌మర్గ్‌లోనే ఐదు రాత్రులు ఉండండి, శ్రీనగర్‌కి ఒక రాత్రి చాలు. మంచు మీద నాలుగు రోజులు కావాలి. ఎందుకంటే మొదటిరోజు ఆగడం రాదు. రెండోరోజు ఆగడం వస్తుంది, తిరగడం రాదు. మూడోరోజు తొడలు పట్టేసి సగం రోజు పోతుంది. నాలుగోరోజుకి గానీ "ఓహో, ఇదా సంగతి" అనిపించదు.

ఇంకో మాట. మొదటి మూడు రోజులు గొండోలా జోలికి వెళ్ళొద్దు. కొత్తవాళ్ళు నేర్చుకునే చోటు ఊరి మధ్యలో గోల్ఫ్ మైదానం పక్కనున్న చిన్న వాలు. చూడటానికి మన అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపంత ఉంటుంది. అదే చాలు.

బీటీఎం_బావ

మిగతా రెండు ఊళ్ళ గురించి క్లుప్తంగా.

ఔలీ: వాలులు కొత్తవాళ్ళకి చాలా అనువు, ఎదురుగా నందాదేవి. ఇబ్బందల్లా దారి. రిషీకేశ్ నుంచి జోషీమఠ్ 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, ఒక పూర్తి రోజు. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు అక్కణ్ణుంచి ఔలీకి వెళ్ళే రోప్‌వే ఆపేశారు. ప్లాన్ వేసుకునే ముందు దాని సంగతి కనుక్కోండి, లేకపోతే పైకి రోడ్డు మీదే వెళ్ళాలి. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్ళ 7 రోజులు, 14 రోజుల కోర్సులున్నాయి. ఒంటరిగా వెళ్ళే కుర్రాళ్ళకి అది మేలు.

మనాలీ: సోలంగ్‌లో జనం ఎక్కువ, స్కీ వాలు తక్కువ. గంటకింత అని బేరమాడే వ్యవహారం. అక్కడి పర్వతారోహణ సంస్థ నడిపే 14 రోజుల కోర్సు మాత్రం గట్టిది.

అత్తగారు, పిల్లవాడు ఉన్నారంటున్నారు కాబట్టి గుల్‌మర్గే. విమానం దిగాక రెండు మూడు గంటల్లో గదిలో ఉంటారు. నేర్పడానికి 1968 నుంచి ఉన్న కేంద్ర పర్యాటక శాఖ సంస్థ (ఐఐఎస్‌ఎం) ఉంది, విడిగా లైసెన్సున్న గైడ్లూ ఉన్నారు. ఊరు కూడా చిన్నది. రెండోరోజుకే టీ కొట్టువాడు పేరు పెట్టి పలకరిస్తాడు.

వైట్‌ఫీల్డ్_వదిన

బట్టల సంగతి నేను చెప్తాను. బెంగళూరువాళ్ళు చేసే మొదటి తప్పు, ఉన్న స్వెటర్లన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకోవడం. స్కీ నేర్చుకునేటప్పుడు చలి కంటే చెమట పెద్ద శత్రువు. కాటన్ బనియను చెమటని పీల్చుకుని అలాగే పట్టుకుంటుంది, వాలు పైకి లాగే లిఫ్టు దగ్గర పది నిమిషాలు నిలబడగానే అదే ఐసుగడ్డలా వీపుకి అంటుకుంటుంది. కాటన్ బనియన్లు, జీన్సు, కాటన్ సాక్సు ఇంట్లోనే వదిలేయండి.

ఒంటికి ఆనుకుని పాలియెస్టర్ లేదా మెరీనో ఉన్ని థర్మల్, మనిషికి రెండు జతలు. దాని మీద పల్చటి ఫ్లీస్ ఒకటి. పైన నీరు, గాలి దూరని జాకెట్టు, ప్యాంటు. నీటిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె లేబుల్ మీద 10,000 మి.మీ. అని ఉంటే కొత్తవాళ్ళకి చాలు, ఎందుకంటే మీరు సగంసేపు మంచులో కూర్చునే ఉంటారు. ప్యాంటు చివర లోపల ఎలాస్టిక్ గొట్టం లాంటిది ఉంటుంది, అది బూటు బయట, బూటు మీదుగా రావాలి. చాలామంది దాన్ని బూటు లోపలికి దోపి పిక్కల మీద పుండ్లు తెచ్చుకుంటారు.

చేతులకి వేళ్ళు విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే బొటనవేలు ఒక్కటే విడిగా ఉండే మిట్టెన్లు వెచ్చన. బాబుకైతే రెండు జతలు పెట్టండి, ఒక జత మధ్యాహ్నానికే తడిసి ముద్దవుతుంది. మెడకి మఫ్లర్ వద్దు, చివరలు లిఫ్టులో చిక్కుకుంటాయి, గొట్టంలా తొడుక్కునేది తీసుకోండి.

కళ్ళజోడు తప్పనిసరి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి, పైగా కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పి మొహానికే కొడుతుంది. అద్దం ఎంత వెలుతురు ఆపుతుందో బట్టి గాగుల్స్‌కి ఎస్2, ఎస్3 అని రకాలుంటాయి. ఎండ ఫెళ్ళున కాస్తే ఎస్3, మబ్బుగా ఉంటే ఎస్2. ఒక్కటే కొనేట్టయితే ఎస్2. ముక్కు కింద, గడ్డం కింద కూడా సన్‌స్క్రీన్ రాయండి, ఎండ కిందనుంచి వస్తుందక్కడ.

ఇవన్నీ ఇక్కడి పెద్ద స్పోర్ట్స్ షాపుల్లో దొరుకుతాయి, కాకపోతే జనవరికల్లా మామూలు సైజులు అయిపోతాయి. హెల్మెట్ అక్కడ అద్దెకి దొరుకుతుంది. ఇంట్లో ఉన్న సైకిల్ హెల్మెట్ పట్టుకెళ్ళొద్దు. అది వేరే ప్రమాణానికి చేసింది, చెవులు కప్పదు, గాలి కన్నాల్లోంచి చలి మెదడుకెక్కుతుంది.

ఉలవచారు_560037

వదినగారూ, చాలా థాంక్స్. బూట్లు మాత్రం కొనాలా, అద్దెకా? నాది 8 నంబరు చెప్పు.

కొండమెట్టు

మొదటిసారికి బూట్లు, స్కీలు, పోల్స్ (చేతికర్రలు) అన్నీ అద్దెకే తీసుకోండి. కానీ ట్రిప్ మొత్తంలో మీరు ఎక్కువ సమయం పెట్టాల్సింది బూట్ల దగ్గరే. స్కీ ఎంత పాతదైనా నడుస్తుంది. బూటు కుదరకపోతే రెండోరోజు గదిలోనే కూర్చుంటారు.

చెప్పుల నంబరు మర్చిపోండి. స్కీ బూటు సైజంటే పాదం పొడవు, సెంటీమీటర్లలో. ఇంట్లో గోడకి మడమ ఆనించి, బరువంతా ఆ కాలి మీదే వేసి, బొటనవేలి కొన దగ్గర గీత పెట్టి కొలవండి. రెండు పాదాలూ కొలవండి, పెద్దది తీసుకోండి. 26.3 వస్తే 26.5 అడగండి. చాలా కంపెనీల్లో 26, 26.5 రెండింటికీ బయటి డొప్ప ఒకటే, కాబట్టి అర సైజు కోసం కొట్లాడక్కర్లేదు.

అద్దె షాపులో ముందు లోపలి మెత్తటి లైనర్ బయటికి తీసేసి ఉత్త డొప్పలో కాలు పెట్టండి. వేళ్ళు ముందు గోడని తాకేలా పాదం జరిపి, మడమ వెనక ఎంత ఖాళీ ఉందో చూడండి. రెండు వేళ్ళు ఒకదాని మీద ఒకటి పెడితే పట్టేంత, అంటే 1.5 నుంచి 2 సెంటీమీటర్లు ఉంటే సరిగ్గా ఉన్నట్టు. మూడు వేళ్ళు పడితే పెద్దది. షాపువాడు "సార్, లూజుగా ఉంటే హాయి" అంటాడు. వినొద్దు. లూజు బూటులో మీరు మోకాలు తిప్పితే బూటు తిరగదు, బూటు తిరక్కపోతే స్కీ తిరగదు.

తొడుక్కునేటప్పుడు లైనర్ నాలుక మధ్యకి లాగి, కాలు దూర్చి, మడమని రెండుసార్లు నేలకి గట్టిగా తన్ని వెనక్కి కూర్చోబెట్టండి. ఉండే నాలుగు బకిళ్ళలో ముందు చీలమండ దగ్గరిది, అంటే పైనుంచి రెండోది బిగించండి. తర్వాత పైది. వేళ్ళ వైపున్న రెండూ ఊరికే మూతపడితే చాలు, వాటికి బలం అక్కర్లేదు. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడని లీలగా తాకాలి. మోకాళ్ళు వంచి పిక్క ముందెముకని బూటు నాలుకకి నొక్కితే వేళ్ళు వెనక్కి జరగాలి, మడమ లేవకూడదు. మడమ లేచిందంటే ఇంకో సైజు తక్కువది అడగండి.

పది నిమిషాలు తొడుక్కుని షాపులోనే తిరగండి. ఒకేచోట పొడిచినట్టుంటే వేరే బూటు అడగండి. కాలంతా తిమ్మిరెక్కితే పాదం మీది బకిల్ ఎక్కువ బిగించారన్నమాట.

కోరమంగళ_కాకా

అన్నా, చలికి రెండు సాక్సులేస్తే ఏమైతది? పల్చటి సాక్సొకటి సరిపోతదా అక్కడి చలికి?

కొండమెట్టు

రెండు వేస్తే ఇంకా చల్లబడుతుంది కాకా. డొప్ప ప్లాస్టిక్, సాగదు. లోపల రెండు పొరలు కూరితే రక్తం ఆడదు, రక్తం ఆడకపోతే వేళ్ళు కొయ్యబారతాయి. పైగా పొరల మధ్య మడత పడితే అదే బొబ్బ. మోకాలి దాకా వచ్చే పల్చటి సింథటిక్ లేదా ఉన్ని సాక్సు ఒక్కటే. థర్మల్ ప్యాంటు కూడా బూటు పైఅంచు దగ్గరే ఆగిపోవాలి. రాత్రి బూట్లని గది బయట వదిలేయొద్దు, లైనర్ తీసి హీటర్‌కి రెండడుగుల దూరంలో ఆరబెట్టండి. తెల్లారేసరికి డొప్ప చల్లగా ఉంటే రాయిలా గట్టిపడి కాలు దూరదు.

అనంతపురం_ఎండ

బూటు తర్వాత బైండింగ్, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు. అది ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా.

బైండింగ్ పని రెండు రకాలు. మామూలుగా బూటుని పట్టుకోవాల. మీరు పడినప్పుడు మోకాలు మెలిపడకముందే వదిలెయ్యాల. ఎంత బలానికి వదలాలో దాని మీద ఒక చిన్న కిటికీలో అంకె ఉంటుంది, డిన్ అంటారు. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నేర్పు, ఈ ఐదూ చూసి పట్టికలోనుంచి తీస్తారు. 70 కిలోల కొత్త మనిషికి మామూలుగా 5, 6 మధ్య వస్తుంది. మీ ముందు స్కీ వేసుకున్నాయన 9లో పెట్టి పోయుంటే, మీరు పడినప్పుడు స్కీ ఊడదు, మోకాలి లిగమెంటు ఊడుతుంది. కాబట్టి కాలి వేళ్ళ వైపు, మడమ వైపు, రెండు స్కీలకీ కలిపి నాలుగు కిటికీలు మీరే చూడండి. నాలుగూ ఒకే అంకె ఉండాల. పిల్లోడికి మీకంటే చాలా తక్కువ ఉండాల. అంకె మార్చేది మాత్రం స్క్రూడ్రైవర్ పట్టుకున్న షాపు మనిషి, మీరు కాదు.

ఇంకోటి. బూటు మడమ పక్కన 305 అనో 315 అనో మి.మీ. అంకె అచ్చేసి ఉంటుంది. బైండింగ్‌ని ఆ పొడవుకి జరిపి పెట్టాల. మధ్యాహ్నం బూటు మార్చుకుంటే బైండింగ్ కూడా మళ్ళీ జరపమని అడగాల. రద్దీలో ఇది మర్చిపోతారు. పొడవు తక్కువ బూటు ఎక్కించారంటే ఉత్తినే చిన్న గతుక్కే ఊడి వస్తుంది.

స్కీ పొడవు: నిలబెడితే గడ్డానికీ ఛాతీకీ మధ్య ఉంటే కొత్తోళ్ళకి తిప్పడం సులువు. 170 సెం.మీ. మనిషికి 150 అటూఇటూ. ఎక్కువ పొడవుదిస్తే మర్యాదగా వెనక్కిచ్చేయండి.

జారుడుబండ

అనంతపురం గారు చెప్పినదానికి తోక. స్కీ ఎక్కే ముందు బూటు అడుగున మంచు గీకాలి. పోల్ కొనతోనో, బైండింగ్ ముందు ముక్క అంచుకో రుద్దండి. పావలా మందాన మంచు ఉన్నా మడమ క్లిక్ మనదు, లేదా సగం క్లిక్ అయి పది మీటర్లు పోయాక ఊడుతుంది. మడమ వైపు మీట కిందికి ఉంటే తెరిచినట్టు. వాలు మీద ఎక్కుతుంటే ముందు దిగువ కాలి స్కీ, తర్వాత ఎగువది. తిరగేస్తే మొదటి స్కీ మిమ్మల్ని వదిలేసి కిందికి వెళ్ళిపోతుంది.

ఇక మొదటిరోజు ఏం నేర్చుకోవాలి.

చదునులో ఒక్క స్కీతో పది నిమిషాలు తోసుకుంటూ నడవండి, తర్వాత రెండో కాలు. అప్పుడు రెండు స్కీలతో, వాలుకి అడ్డంగా పక్కకి మెట్లెక్కినట్టు ఎక్కడం. ఇక్కడ ఒకటి గుర్తుంచుకోండి: బిందెడు నీళ్ళు పోస్తే ఎటు జారుతాయో అదే మీరూ జారే దారి. నిలబడాలంటే స్కీలు ఆ దారికి సరిగ్గా అడ్డంగా ఉండాలి. కాస్త కిందికి తిరిగినా ముందుకీ, కాస్త పైకి తిరిగినా వెనక్కీ పోతారు.

ఆగడానికి స్నోప్లౌ. ముందు కొనల మధ్య పిడికిలంత ఎడం ఉంచి, తోకలు వెడల్పుగా తొయ్యాలి. మోకాళ్ళు కలవకూడదు. రెండు కాళ్ళ బొటనవేళ్ళ వైపు అంచు మంచుని గీస్తుంది, ఆ రాపిడికే ఆగుతారు. ఆగట్లేదంటే నూటికి తొంభై పాళ్ళు కారణం ఒకటే: భయానికి వెనక్కి వాలారు. వెనక్కి వాలితే స్కీ ముందు భాగం మీద బరువుండదు, బరువు లేని చోట స్కీ మాట వినదు. పిక్క ముందెముక బూటు నాలుకని ఎప్పుడూ నొక్కుతూ ఉండాలి. సాయంత్రం తొడలు మండుతున్నాయంటే రోజంతా వెనక్కి వాలే ఉన్నారని. పిక్క ముందు కాస్త కందిందంటే బాగా చేశారని.

పడేటప్పుడు పక్కకి, తుంటి మీద. వెనక్కి కూలబడుతూ లేవాలని చూడటం వల్లే మోకాళ్ళు పోతాయి. పడిపోతున్నారని తెలిశాక పడిపోండి, ఆగాక లేవండి. పోల్ తాడు మణికట్టుకి తగిలించుకుని పడితే బొటనవేలి కీలు సాగుతుంది, అందుకే కొత్తల్లో తాడు వేసుకోకపోయినా ఫర్వాలేదు. పిల్లలకి మొదటి రెండు రోజులు పోల్సే ఇవ్వరు, అడగొద్దు.

లాగే లిఫ్టు (డ్రాగ్ లిఫ్ట్) మీద కూర్చోకండి! అది కుర్చీ కాదు, మోకు. నిలబడి దాన్ని లాగనివ్వాలి, స్కీలు రెండూ పట్టాల్లా సమాంతరంగా ఉంచాలి. పడితే పట్టు వదిలి వెంటనే దారిలోంచి పక్కకి దొర్లండి, వెనక ఇంకొకరు వస్తుంటారు.

కోరమంగళ_కాకా

గిదంతా కండల పనే కదా. ఆరు వారాల ముందు నుంచి ఏం చెయ్యాలె?

జారుడుబండ

మెట్లు. ఎక్కడం కాదు, దిగడం. అపార్ట్‌మెంట్‌లో లిఫ్టులో పైకెళ్ళి నడిచి దిగండి, వారానికి నాలుగు రోజులు. స్కీలో తొడ కండరం సాగుతూ బరువు మోస్తుంది, మెట్లు దిగేటప్పుడు చేసేదీ అదే పని. ఆదివారం నంది కొండ మెట్లయితే ఇంకా మంచిది. దాంతోపాటు గోడకి వీపు ఆనించి లేని కుర్చీలో కూర్చోవడం, 45 సెకన్లు, మూడుసార్లు. పరుగు ఒక్కటే చేస్తే ఊపిరి వస్తుంది, తొడలు రావు.

వైట్‌ఫీల్డ్_వదిన

అత్తగారి గురించి అందరూ మర్చిపోయారు, మగాళ్ళ థ్రెడ్డు కదా.

గుల్‌మర్గ్ ఎత్తు దాదాపు 2,650 మీటర్లు, మన బెంగళూరు 920. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే 72 శాతం చొప్పున ఉంటుంది. మొదటిరోజు తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మామూలే. గొండోలా మొదటి ఫేజ్ కొంగ్‌దూరి దగ్గర, 3,080 మీటర్ల ప్రాంతంలో ఆగుతుంది. రెండోది అఫర్‌వత్ కొండ మీదికి, 3,950 దాకా. అక్కడ ఒత్తిడి 61 శాతం. బీపీ, గుండె మందులు వాడే పెద్దవాళ్ళని రెండో ఫేజ్‌కి తీసుకెళ్ళొద్దు. మొదటిది కూడా రెండు రాత్రులు గుల్‌మర్గ్‌లో నిద్రపోయాక, డాక్టర్ని అడిగాకే. ఎత్తు జబ్బుకి వాడే డయామాక్స్ లాంటివి ఎవరో చెప్పారని మింగకూడదు.

ఆవిడకి అసలు ప్రమాదం ఎత్తు కాదు, హోటల్ గుమ్మం ముందు అద్దంలా గడ్డకట్టిన మంచు. చెప్పుల మీద తొడిగే చిన్న ముళ్ళ రబ్బరు పట్టీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఒక జత కొనండి. తుంటి ఎముక విరిగితే ట్రిప్ సంగతి దేవుడెరుగు.

గది బుక్ చేసేటప్పుడు "హీటింగ్ ఉందా" అని అడిగితే అందరూ ఉందనే అంటారు. ఇలా అడగండి: సెంట్రల్ హీటింగా, బుఖారీయా (గదిలో పెట్టే కట్టెల పొయ్యి)? రాత్రి ఎన్నింటి దాకా? కరెంటు పోతే జనరేటర్ మీద కరెంటు దుప్పటి పనిచేస్తుందా? వేడినీళ్ళు ఏ వేళల్లో? బుఖారీ గానీ గ్యాస్ హీటర్ గానీ ఉన్న గదిలో కిటికీ వేలెడు సందు ఉంచి పడుకోవాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రాత్రి కుళాయి సన్నగా కారుతుంటే కట్టేయొద్దు, పైపు గడ్డకట్టకుండా వాళ్ళే అలా వదులుతారు.

తిండి: శాకాహారం దొరుకుతుంది, కారం దొరకదు. కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ పట్టుకెళ్ళండి. నీళ్ళు అక్కడ 91 డిగ్రీలకే మరుగుతాయి, అందుకే మూత లేని గిన్నెలో వండిన అన్నం పలుకుపలుకుగా వస్తుంది. "కుక్కర్‌లో పెట్టండి" అని వంటవాడికి ముందే చెప్తే సరి. నెయ్యి, కొబ్బరినూనె సీసాల్లో కాకుండా వెడల్పు మూతి డబ్బాల్లో పొయ్యండి, చెంచాతో తవ్వుకోవాల్సిందే.

బీటీఎం_బావ

దారి గురించి నాలుగు ముక్కలు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్‌లో పనిచేయవు. ఇద్దరిలో ఒక్కరైనా వెళ్ళే ముందే పోస్ట్‌పెయిడ్‌కి మారండి. తంగ్‌మర్గ్‌లో బండి ఆగగానే గమ్ బూట్లు, కోట్లు అద్దెకి తీసుకోమని చుట్టుముడతారు, మీవి ఉంటే అవసరం లేదు. పైన స్లెడ్జి లాగేవాళ్ళతో, గుర్రాలవాళ్ళతో ఎక్కకముందే చోటూ, రేటూ, తిరుగు ప్రయాణం కలిపా కాదా అనేది మాట్లాడుకోండి. వాళ్ళకి ఏడాదిలో మూడు నెలలే ఇది, గీచిగీచి బేరం ఆడకండి కూడా.

తిరుగు ప్రయాణంలో శ్రీనగర్ ఎయిర్‌పోర్టుకి మూడు గంటల ముందు ఉండాలి. టెర్మినల్‌కి ముందే గేటు దగ్గర అందరూ బండి దిగి, సామానంతా స్కానర్‌లో పెట్టి మళ్ళీ ఎక్కించుకోవాలి.

స్కీ రేట్లు ఏటా మారతాయి కాబట్టి అంకెలు రాయను. కానీ "మొత్తం ప్యాకేజీ" అని ఒకే అంకె చెప్తే ఒప్పుకోవద్దు. సామాను రోజుకెంత, శిక్షకుడు రోజుకెంత, డ్రాగ్ లిఫ్టు టికెట్టు ఎంత, గొండోలా ఎంత, విడివిడిగా అడగండి. గొండోలా టికెట్టు కేబుల్ కార్ కార్పొరేషన్ సొంత సైట్లోనే, ముందుగా.

అనంతపురం_ఎండ

ఇన్సూరెన్స్ కాగితం తీసి "మినహాయింపులు" పేజీ చదవండి. సాహస క్రీడలు కవర్ కావని చానా పాలసీల్లో సన్నక్షరాల్లో ఉంటుంది. వింటర్ స్పోర్ట్స్ అని పేరు పెట్టి కవర్ చేసే రైడర్ తీసుకోండి, కొండ మీదనుంచి దించే ఖర్చు కూడా అందులో ఉందా చూడండి.

ఉలవచారు_560037

ప్లాన్ మార్చేశా. గుల్‌మర్గ్‌లో ఐదు రాత్రులు, చివర శ్రీనగర్ ఒకటి. రెండు సందేహాలు. ఒకటి, వెళ్ళేసరికి మంచే లేకపోతే? రెండు, నాలుగోరోజు నేనొక్కణ్ణీ రెండో ఫేజ్ నుంచి స్కీ మీద దిగొచ్చా?

జారుడుబండ

మొదటిది ఉత్త భయం కాదు. గుల్‌మర్గ్ మంచు వెస్టర్న్ డిస్టర్బెన్స్‌ల (చలికాలంలో పడమటి నుంచి వచ్చే వాన, మంచు మేఘాల) మీద ఆధారపడింది, అవి రాకపోతే లేదు. 2024 జనవరిలో నెలాఖరు దాకా మైదానం గోధుమరంగులోనే ఉంది. 2025లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో గుల్‌మర్గ్ పోటీలనే మంచు లేక ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపారు. డిసెంబర్ 21 నుంచి జనవరి 30 దాకా ఉండే నలభై రోజుల చిల్లై కలాన్‌లో చలి ఖాయం, మంచు ఖాయం కాదు. ఫిబ్రవరి మధ్య మంచి ఎంపిక. రద్దు చేసుకునే వీలున్న గది, తేదీ మార్చుకునే వీలున్న టికెట్టు తీసుకోండి. పది రోజుల ముందు నుంచి శ్రీనగర్ వాతావరణ కేంద్రం బులెటిన్, దాంతోపాటు ప్రభుత్వ భద్రతా సూచనలు చూస్తుండండి.

రెండోదానికి జవాబు: వద్దు.

కొండమెట్టు

ఆ "వద్దు" ఎందుకో నేను చెప్తా. అఫర్‌వత్ మీద కొత్తవాళ్ళ దారి అంటూ ఏదీ లేదు. స్కీ ప్యాట్రోల్ (గస్తీ) వాళ్ళు చూసుకునేది గొండోలా కింద ఉన్న లోయ ఒక్కటే, తాడు దాటితే రెండు పక్కలా విడిచిపెట్టిన కొండ. గాలి ఒకవైపు మంచుని ఊడ్చి రెండోవైపు పలకలా పేరుస్తుంది. కింది పొర పట్టు లేకపోతే ఒక్క మనిషి బరువుకి ఆ పలకంతా ఊడి వస్తుంది. 2023 ఫిబ్రవరి 1న ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ అలాగే చనిపోయారు. వాళ్ళెవరూ మీలా నాలుగు రోజుల కొత్తవాళ్ళు కాదు. అటు వెళ్ళేవాళ్ళు ఒంటి మీద బీకన్ (కూరుకుపోతే ఎక్కడున్నారో సంకేతం పంపే పరికరం), సంచిలో పార, మంచులో గుచ్చి వెతికే కడ్డీ పెట్టుకుని, తోడుతో వెళ్తారు. కూరుకుపోయిన మనిషిని పక్కనున్నవాడే తవ్వి తీయాలి. పావుగంట దాటితే బతికే ఆశ వేగంగా పడిపోతుంది, కిందనుంచి ఎవరొచ్చేసరికీ అది దాటిపోతుంది.

చూడాలనుంటే ఆకాశం తేటగా ఉన్న పొద్దున టికెట్టు కొని ఎక్కండి, చూసి అదే గొండోలాలో దిగండి. గాలి ఎక్కువుంటే రెండో ఫేజ్ ఆపేస్తారు, అందుకే చివరి రోజుకి దాచుకోవద్దు.

నాలుగోరోజు స్కీ మీద దిగాలనుంటే కొంగ్‌దూరి నుంచి, అదీ శిక్షకుడు ముందు ఉంటేనే. మీకు మీరే పరీక్ష పెట్టుకోండి: చిన్న వాలు మీద శిక్షకుడు "ఆగు" అన్నచోట, అన్న క్షణాన, పదిలో ఎనిమిదిసార్లు ఆగగలిగితే వెళ్ళండి. ఐదుసార్లే అయితే ఇంకో రోజు కిందే.

ఉలవచారు_560037

అర్థమైంది. ఒక్కటి మిగిలింది. అద్దె స్కీ మంచిదో కాదో షాపులో ఎలా తెలుస్తుంది? అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

అనంతపురం_ఎండ

తిరగేసి వెలుతురుకి పట్టుకోండి. అడుగున గోరు దిగేంత లోతు గీతలు నిలువునా ఉంటే ఫర్వాలేదు, అడ్డంగా ఉంటే మంచుని పట్టి ఆపుతాయి. అడుగు తెల్లగా పాలిపోయి ఉంటే మైనం ఎండిపోయింది, మధ్యాహ్నం తడి మంచులో అంటుకుపోతుంది, మైనం రుద్దిమ్మని అడగండి. అంచు ఇనప పట్టీ మీద మీ బొటనవేలి గోరు వెనక భాగాన్ని అడ్డంగా గీయండి. తెల్లటి పొడి రాలితే పదును ఉంది. గోరు నున్నగా జారిపోతే పొద్దుటి గట్టి మంచు మీద ఆ స్కీ ఆగదు. బైండింగ్ పక్కనున్న రెండు బ్రేకు కాళ్ళూ నొక్కి వదలండి, రెండూ టపీమని కిందికి రావాల. ఒకటి వంగిపోయుంటే ఆ జత పక్కన పెట్టి ఇంకోటి అడగండి.